పోపు పెట్టిన ఇంజను

డీజిలు దొరక్క విశాఖ చేపలరేవులో పడవలన్నీ కట్టేసి ఉన్న రోజులవి. డెబ్బైల చివర. నేను ఇంజన్లలోకి డీజిలు చిమ్మే నాజిళ్లు బాగుచేసే షాపులో పనిచేసేవాణ్ణి. మా అక్క మొగుడికి, అంటే మా బావకి, ఒక మరపడవా, దానికి మించిన మీసమూ ఉండేవి. తన తెలివంతా ఆ మీసంలోనే ఉందని ఆయన నమ్మకం.

"నూనె నూనే గదరా. డీజిలైతే ఏటి, నువ్వుల నూనైతే ఏటి?" అన్నాడు ఓ పొద్దున. అక్కడితో ఆగాడా? వంటనూనెతో పడవ నడపలేకపోతే మీసం తీసేస్తానని రేవంతా వినేలా పందెం కాశాడు.

షాపుకి తీసుకెళ్లి చూపించాను. నాజిల్‌ని చేతిపంపుకి బిగించి కొడితే డీజిలు పొగమంచులా చిమ్మింది. నువ్వుల నూనె చిక్కన కదా, చంటిపిల్లాడు ఉచ్చ పోసినట్టు సన్నగా ధార కట్టింది. తుంపరైతేనే గాలిలో కలిసి మండుతుందని, ధార సరిగ్గా మండదని చెప్పాను. వేడిచేస్తే కాస్త పలచబడుతుందని కూడా నోరు జారాను. అంతే, బావ ఇంటికి పరుగు.

నూనె పొయ్యి మీద పెట్టి, వడగట్టే గుడ్డ కోసం పెరట్లోకి వెళ్లాడు. ఇంతలో అక్క వచ్చింది. కాగుతున్న నూనె కళ్లబడితే మా అక్క చెయ్యి ఊరుకుంటుందా? ఆవాలు, ఎండుమిరపకాయలు, కరివేపాకు వేసేసింది. పప్పులోకనుకుందట.

బావ తిట్టుకుంటూనే వడగట్టి పడవలోకి తెచ్చాడు. నేనూ ఎక్కాను. ట్యాంకు అడుగున మిగిలిన డీజిలుతో ఇంజను అందుకున్నాక వేడి నూనె పోశాడు. నడిచింది! రేవంతా పోపు వాసన. మిరపఘాటుకి ఒడ్డునున్నవాళ్లకి ఒకటే దగ్గు, దగ్గుతూనే చప్పట్లు. బావ మీసం మెలేశాడు. ఆ సంబరం ఎంతసేపని? సముద్రపు గాలికి నూనె చల్లారి మళ్లీ చిక్కబడింది. ఇంజను నల్లటి పొగ కక్కి, రేవు దాటకుండానే ఆగిపోయింది. తెడ్లేసుకుని వెనక్కి వచ్చాం.

నడిచిందిగా అని బావ, ఆగిందిగా అని రేవు. చివరికి పెద్దలు తీర్పు చెప్పారు. రేవులో సగం దూరం నడిచింది కాబట్టి సగం మీసం తీస్తే చాలన్నారు.

సగం మీసంతో ఎవరు తిరుగుతారు? బావ మొత్తం గీయించుకుని, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఇంటికొచ్చాడు. కళ్లల్లో నిజంగానే నీళ్లు. నాకు నవ్వూ జాలీ ఒక్కసారే వచ్చాయి. అక్క తువ్వాలు లాగేసి చాలాసేపు చూసింది.

"ఇంత మంచి మొగాన్ని ఇన్నేళ్లూ ఎందుకు దాసీసేవు మావా?" అంది.

బావ మళ్లీ మీసం పెంచలేదు.