పునీతురాలిని పొమ్మనలేని షావుకారు

హైదరాబాదు పాతబస్తీ జహనుమాలో మా బడిని సిస్టర్లు నడుపుతారు. వాళ్ల సంఘాన్ని స్థాపించిన పునీతురాలు పేదపిల్లల చదువు కోసమే బతుకంతా ధారపోసిన మనిషి. ఏటా ఆమె పండుగ రోజున ఆమె కథను నాటకం వేస్తాం. నేనక్కడ తెలుగు టీచర్ని. ఆ ఏడు పునీతురాలి వేషం వేయాల్సిన తొమ్మిదో తరగతి పిల్లకు అమ్మవారు పోయడంతో తెల్లముసుగు నా నెత్తిన పడింది. నలభై దాటిన దాన్ని పద్దెనిమిదేళ్ల కన్యనై వేదికెక్కాలి.

కథలో ఆమె బడికి జాగా ఇమ్మని ఓ షావుకారు గుమ్మం తొక్కుతుంది. మూడుసార్లు గెంటించుకుని, నాలుగోసారి ఆయన మనసు కరిగిస్తుంది. షావుకారు వేషం ఒకటో తరగతి పాప తండ్రికి ఇచ్చాం. చాంద్రాయణగుట్టలో వెల్డింగ్ దుకాణం ఆయనది, అందరూ భాయ్ అని పిలుస్తారు. బుర్రమీసాలు, మైకు అక్కర్లేని గొంతు. రిహార్సల్లో ఆయన గెంటేస్తే నేను నిజంగానే రెండడుగులు వెనక్కి వేశాను.

పండుగనాడు ఆవరణ నిండిపోయింది. నేను వెళ్లి చేతులు జోడించి జాగా అడిగాను. భాయ్ నోరు తెరిచాడు. ముందు వరుసలో కూర్చున్న తన పాపను చూశాడు. నోరు మూశాడు.

"కూసో అమ్మా, చాయ్ తాగు. జాగా తీస్కో," అన్నాడు.

నన్ను వెళ్లగొట్టాలని మెల్లగా గుర్తుచేశాను. ఆయన కూడా మెల్లగానే అన్నాననుకున్నాడు గానీ గేటు దాకా వినబడింది.

"పిల్లలు చూస్తున్నరు టీచరమ్మా. బడి వద్దని నా నోట్లకెంచి ఎట్ల రావాలె?"

నలభై నిమిషాల నాటకం మూడు నిమిషాల్లో అయిపోయింది. తెర పక్కనుంచి పెద్ద సిస్టర్ కానియ్యమని చేతులూపుతోంది. ఏం చేయను, బెంచీలు అడిగాను, ఇచ్చాడు. పుస్తకాలడిగాను, ఇచ్చాడు. అది చూసి పిల్లలందుకున్నారు. ఒకరు ఫ్యాను, ఒకరు క్యారం బోర్డు. అయిదో తరగతి పిల్ల లేచి బాత్రూం తలుపుకు గొళ్లెం లేదంది. అదీ ఇస్తానన్నాడు. అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి ఆయన భార్య లేచింది. ఏడాదిగా ఊగుతున్న తమ ఇంటి గేటు సంగతేమిటని నిలదీసింది. ఆవరణంతా గొల్లుమంది. షావుకారు మొదటిసారి తలవంచుకున్నాడు.

తెర దించాక చీవాట్లు తప్పవనుకున్నాను. పెద్ద సిస్టర్ కుర్చీలో కూలబడి కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. ఈ బడి కోసం తానెన్ని తలుపులు కొట్టిందో లెక్కే లేదనీ, అడగ్గానే కూర్చోమన్న షావుకారును ఇవాళే చూశాననీ అంది.

సోమవారం గంట కొట్టకముందే భాయ్ సామాన్లతో వచ్చి బాత్రూం తలుపుకు గొళ్లెం బిగించాడు. అందరి ముందు మాటిచ్చాను కదా అన్నాడు.

వాళ్ల పాప మాత్రం బడి మొత్తం తన అబ్బాదేనని, అంటే నాన్నదేనని, నమ్మింది. నెల రోజులు గుమ్మం దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి పిల్లనూ లోపలికి రమ్మని పిలిచింది. ఒకరోజు నేను ఆలస్యంగా వస్తే, ఈసారికి పోనీలే అని నన్నూ రానిచ్చింది.