గీతకు ఇవతల మాబున్నీ

సౌదీలోని ఖఫ్జీలో తొమ్మిదేళ్ళు పనిచేసినా మాబున్నీకి భయం పోలేదు. పోలీసు బండి పక్కనుంచి వెళ్తే చాలు, తప్పేమీ చేయకపోయినా అరచేతులకు చెమట పట్టేది. ఆమెది రాయచోటి దగ్గర పల్లె. భర్త పోయాక కూతురు అఫ్షాన్‌ని అక్క దగ్గర వదిలి, ఇంటిపని వీసా మీద వచ్చింది. నాయిఫ్ అనే ఆయన ఆమె కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని. ఆయన తల్లి ఉమ్ నాయిఫ్‌ని చూసుకోవడమే ఆమె పని. ఎనభై దాటిన ఆ ముసలామెకు స్నానం చేయించడం, మందులు వేయడం, తిండి తినిపించడం అన్నీ మాబున్నీయే.

వాళ్ళ వీధిలోనే పనిచేసిన ఒకామె మీద యజమాని హురూబ్ రాయించాడు. పనిమనిషి పారిపోయిందని ఇచ్చే ఫిర్యాదు అది. ఆమె పారిపోలేదు, జ్వరంతో స్నేహితురాలి గదిలో రెండు రోజులు పడుకుంది, అంతే. పట్టుకుపోయారు. ఆ తర్వాత ఆమె సంగతి ఎవరికీ తెలియలేదు. అప్పటినుంచి మాబున్నీ చెత్త పారేయడానికి గేటు దాటినా వెనక్కి తిరిగి చూసుకుంటూ నడిచేది.

రెండేళ్ళ కిందట, చలికాలం చివర్లో, వానలకు ఇసుక మీద పచ్చిక మొలిచిన రోజుల్లో నాయిఫ్ ఊరికి ఉత్తరాన ఎడారిలో గుడారం వేయించాడు. ముసలామె ఇంట్లో గోడలు గీరుతోంది, గుడారంలో అయితే నిమ్మళంగా ఉంటుందని ఆయన ఆశ. అక్కడినుంచి కువైట్ సరిహద్దు ఐదారు కిలోమీటర్లు ఉంటుంది. డ్రైవర్ పీరయ్యది ప్రొద్దుటూరు. గుడారం మేకులు కొడుతూనే మాబున్నీకి జాగ్రత్తలు చెప్పాడు.

"ఇదో చెల్లీ, ఆ పక్కకు మాత్రం పోవాకు. కువైట్ యుద్ధం నాటి బాంబులు ఇసకలో ఇంగా ఉండాయంట. తొక్కితే ఎముక గూడా దొరకదు. అది తప్పించుకున్యా, గీత దాటితే జైలే."

"గీత యాడుందో ఎట్ల తెలుస్తాదన్నా?"

"దాటినాక తెలుస్తాది," అన్నాడు పీరయ్య. నవ్వుతూనే అన్నాడు గానీ మాబున్నీ ఆ పక్కకు చూడటమే మానేసింది.

ముసలామెకు మతి నిలకడ లేదు. ఒక్కోరోజు కొడుకునే గుర్తుపట్టదు. చిన్ననాటివి మాత్రం నిన్న జరిగినట్టు చెప్పేది. గుడారంలోకి వచ్చిన మొదటి రోజునుంచి ఒకటే మాట. "ఇంకా ఇక్కడే ఎందుకున్నాం? మనవాళ్ళంతా బావి దగ్గరికి వెళ్ళిపోయారు." ఆ బావి ఉత్తరాన ఉందని, ఎండలు ముదిరేలోగా తన తండ్రి ఒంటెల్ని అక్కడికే తోలుకెళ్ళేవాడని చెప్పేది. అది ఇప్పుడు పరాయి దేశంలో ఉందని నాయిఫ్ ఎన్నిసార్లు చెప్పినా ఆమె తలకెక్కేది కాదు.

నాలుగో రోజు పొద్దున్నే నాయిఫ్, పీరయ్య నీళ్ళ ట్యాంకు నింపుకు రావడానికి ఊళ్ళోకి వెళ్ళారు. కోడలూ పిల్లలూ బడి ఉందని ఇంట్లోనే ఉన్నారు. గుడారంలో ఇద్దరే ఆడవాళ్ళు. మాబున్నీ టీ కాచి తెచ్చేసరికి పరుపు ఖాళీగా ఉంది.

బయట పొగమంచు. పది అడుగుల అవతల ఏమీ కనబడటం లేదు. "యుమ్మా!" అని పిలిచింది. జవాబు లేదు. తడి ఇసుకలో చిన్న చిన్న పాదాల గుర్తులు మాత్రం తిన్నగా ఉత్తరానికి పోతున్నాయి.

నాయిఫ్ వచ్చేదాకా ఆగితే ముసలామె ఏమైపోతుందో? వెంటపడితే తనేమవుతుందో? పీరయ్యకు ఫోన్ చేసింది. "అన్నా, ముసలామె..." అనేలోపు లైను తెగిపోయింది. ఇక ఆగలేదు. దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డు గుడారంలో సంచిలోనే ఉందన్న సంగతి కూడా అప్పుడు గుర్తుకు రాలేదు.

ముసలామె అడుగు పడినచోటే తన అడుగు వేస్తూ నడిచింది. ఆమె తొక్కినచోట ఏమీ పేలలేదు కాబట్టి తను తొక్కినా పేలదని ఆ లెక్క. ఒక్కోచోట పచ్చికలో గుర్తులు కనబడేవి కావు. అక్కడ ఒంటికాలి మీద నిలబడి, తర్వాతి గుర్తు ఎక్కడుందా అని వెతికి, అప్పుడు రెండో కాలు పెట్టేది. కలిమా చదువుతూనే ఉంది.

ఎంతసేపు నడిచిందో తెలియదు. చేతిలో ఫోన్ టింగుమంది. పీరయ్యేమో అనుకుంది. మెసేజీలో అరబీ, దానికింద ఇంగ్లీషు. ఏడో తరగతి చదువుతో కూడబలుక్కుంది. కువైట్‌కు స్వాగతం.

దాటేశాను. పీరయ్య చెప్పినట్టే దాటాక తెలిసింది. తను ఎక్కడుందో ఈ ఫోనే చెప్పేస్తోందని భయపడి, వెంటనే దాన్ని ఆపేసి గుడ్డల్లో దాచేసింది. ఆ కంగారులో పీరయ్య మళ్ళీ ఫోన్ చేస్తాడన్న ఆలోచన రాలేదు.

మరికొంత దూరంలో, ఒక మట్టికట్ట వారగా, ఉమ్ నాయిఫ్ కూర్చుని కనిపించింది. మడమలనుంచి రక్తం కారుతోంది.

"యుమ్మా, లే. ఇది హుదూద్. మనల్ని పట్టుకుపోతారు," అని బతిమాలింది మాబున్నీ తనకొచ్చిన అరబీలో.

"ఎవరి హుదూద్?" సరిహద్దన్న మాట వినగానే ముసలామె కసిరింది. "మా నాయన చెప్పాడు. ఉఖైర్ రేవులో సముద్రం ఒడ్డున గుడారం వేశారు. ఇంగ్లీజు దొర ఒకడొచ్చి కాగితం మీద ఎర్ర పెన్సిలుతో గీతలు గీశాడు. మా ఒంటెల్ని అడిగాడా? మా బావిని అడిగాడా? నడుమ ఒక ముక్క మాత్రం ఇద్దరిదీ అని వదిలాడు. అందులోనే మేం తిరిగాం. నాకు పెళ్ళయిన కొత్తల్లో దాన్నీ రెండుగా కోశారు."

ఆ భయంలోనూ మాబున్నీకి తన తండ్రి ఖాజావలి గుర్తొచ్చాడు. ఆయన బడిలో గంట కొట్టే నౌకరు. పాఠాలన్నీ వరండాలో నిలబడి వినేవాడు. "మన సీమను నిజాం కంపెనీ దొరలకు ఇచ్చేసినాడు మ్మే. దత్త మండలాలని పేరు పెట్టినారు. బిడ్డను దత్తు ఇచ్చేటప్పుడన్నా తల్లిని అడుగుతారు, మనల్ని ఎవురూ అడగలే," అనేవాడు. చిన్నప్పుడు నవ్వేది. ఇప్పుడు నవ్వు రాలేదు. ఎప్పుడో చచ్చిపోయిన దొర గీసిన గీత మీద తను పట్టుబడబోతోంది.

ఇంజను చప్పుడు వినిపించింది. మంచులోంచి రెండు దీపాలు వస్తున్నాయి. సరిహద్దు గస్తీ బండి.

మట్టికట్ట వెనక్కి దూకి దాక్కుందామా అన్న ఆలోచన వచ్చింది. ముసలామెకు ఏ భయమూ లేదు, గీతకు ఎటుపక్కవాళ్ళైనా ఆమెను మర్యాదగా ఇల్లు చేరుస్తారు. దొరికితే పోయేది తనే. లేవబోయింది. ముసలామె పాదం నెత్తురు ఇసుకలో ఇంకుతుంటే చూసి, మళ్ళీ కూలబడి, తన ఓణీ చింపి ఆ మడమకు కట్టు కట్టసాగింది.

బండి దిగిన జవాను అడిగాడు. "ఈమె నీకేమవుతుంది?"

మాబున్నీ నోరు పెగల్లేదు. జవాను ముసలామె వైపు తిరిగాడు. "అమ్మా, ఈమె ఎవరు?"

ఉమ్ నాయిఫ్ మాబున్నీని తేరిపార చూసింది. "తెలియదు," అంది. "ఎవరో. నన్ను ఎక్కడికో లాక్కుపోతోంది."

తర్వాత ఏం జరిగిందో మాబున్నీకి వరుసగా గుర్తు లేదు. ఠాణాలో ఒక గది, ఇనుప కుర్చీ. వేలిముద్రల యంత్రం మీద వేళ్ళు పెట్టించారు. ఏళ్ళ తరబడి సబ్బునీళ్ళలో నాని ఆమె ముద్రలు అరిగిపోయాయి. యంత్రం నాలుగుసార్లు ఎర్రగా వెలిగింది. కఫీల్ పేరు చెప్పమన్నారు. నాయిఫ్ అంది. ఏ నాయిఫ్? ఇంటిపేరు నాలుకకు రాలేదు. ఫోన్ తెరవమన్నారు. రహస్య సంఖ్య మూడుసార్లు తప్పుకొట్టింది. ముసలామెను ఎత్తుకుపోయిందని రాస్తారు. అఫ్షాన్‌కు ఎవరు చెబుతారు? ఏమని చెబుతారు?

పక్క గదిలో కేకలు వినిపించాయి. ఉమ్ నాయిఫ్ ఎవరినీ దగ్గరికి రానీయడం లేదు. నీళ్ళ గ్లాసు విసిరేసింది. ఆమెకు చక్కెర జబ్బు. పొద్దుటినుంచి ఏమీ తినలేదని, కళ్ళు తిరిగి పడిపోతుందని మాబున్నీకి తెలుసు. అప్పుడు మాత్రం నోరు పెగిలింది.

"సార్, ఆమెకు షుగర్ ఉంది. తినిపించాలి. నన్ను పోనీయండి."

అధికారి వయసులో చిన్నవాడు. కొంచెం ఆలోచించి తలుపు తీశాడు. మాబున్నీ నేలమీద కూర్చుంది. పళ్ళెంలో ఖర్జూరం ఒకటి తీసి, గింజ తీసేసి, వేళ్ళతో మెత్తగా నలిపి నోటి దగ్గర పెట్టింది. ఉమ్ నాయిఫ్ ఆమె ముఖం వైపు చూడలేదు. చేతిని చూసింది. నోరు తెరిచింది.

రెండు పళ్ళు తిని, నీళ్ళు తాగి, మాబున్నీ ఒళ్ళో తల పెట్టుకుంది. అధికారి మాబున్నీకి కూడా టీ తెమ్మన్నాడు.

మధ్యాహ్నం నాయిఫ్, పీరయ్య ఠాణాకు వచ్చారు. తెగిపోయిన ఫోన్ మాటకు కంగారుపడి గుడారానికి వెళ్ళి, ఇసుకలో అడుగుల వెంట వెతుక్కుంటూ వచ్చారు. నాయిఫ్ తల్లి నుదురు ముద్దుపెట్టుకుని, మాబున్నీ వైపు తిరిగి, "ఫోన్ ఎందుకు ఆపావు?" అని గట్టిగా అడిగాడు. ఆమె మెసేజీ సంగతి చెప్పింది. గదిలో ఎవరూ నవ్వలేదు. అధికారే నెమ్మదిగా చెప్పాడు. "ఇక్కడ మా ఫోన్లకూ వస్తుంది అది. కువైట్ టవర్ దగ్గర కదా. మీరు దొరికిన చోటునుంచి గీత ఇంకా రెండు కిలోమీటర్లు ఉంది."

నాయిఫ్ తల వంచుకున్నాడు. ఇల్లు చేరాక, "నువ్వు అమ్మను వదిలి పారిపోయుంటే నేనేమీ అనలేకపోయేవాణ్ణి," అన్నాడు. అది మెచ్చుకోలో కాదో ఆమెకు తెలియలేదు.

ఉమ్ నాయిఫ్ మరో పదకొండు నెలలు బతికింది. అన్నాళ్ళూ మాబున్నీ ఆమె చేతికి తన చేతిని ఒక గుడ్డతో కట్టుకుని పడుకునేది. అఫ్షాన్ ఫోన్‌లో వచ్చేయమ్మా అని ఏడ్చినా వెళ్ళలేదు. ముసలామె పోయిన నలభయ్యో రోజు దాటాక ఊరికి వెళ్ళిపోవడానికి ఎగ్జిట్ వీసా అడిగింది. నాయిఫ్ కాదనలేదు.

పీరయ్య ఆమెను దమ్మామ్ విమానాశ్రయానికి తీసుకెళ్ళాడు. దారిలో ఒక తనిఖీ దగ్గర బండి ఆగింది. మాబున్నీ పాస్‌పోర్టు రెండు చేతులతో పట్టుకుని బిగుసుకుపోయింది.

"ఇంగ భయమేల చెల్లీ? అన్ని కాగితాలూ ఉండాయి గదా."

"ఉండాయన్నా. చేతులే మాట ఇనడంలే," అంది.

జవాను పాస్‌పోర్టు తిప్పి చూసి, పొమ్మని చెయ్యి ఊపాడు. బండి కదిలింది. విమానం ఎక్కేదాకా ఆమె ఆ పుస్తకాన్ని సంచిలో పెట్టలేదు.