జేసీబీకి చెక్క చెయ్యి

పాడేరు నుంచి జి.మాడుగుల వెళ్లే రోడ్డు పక్కన నాకొక రేకుల షెడ్డు ఉంది. అందులో ఒక ముసలి జేసీబీ, ఒక వెల్డింగ్ మిషను, నేను ఉంటాం. ముగ్గురిలో ఎవరు ఎక్కువ పొగ వదులుతారో మా ఆవిడ చెప్పాలి.

బండితో పాటు ఇచ్చిన బకెట్టుతో సరిపెట్టుకునే మనిషిని కాను నేను. మైదానంలో మట్టి తీసే బకెట్టు కొండల్లో ఏ మూలకి? అందుకని పాత లారీ కమాను పట్టీలు కోసి, రాతినేల చీల్చడానికి ఒక పెద్ద పన్ను చేశాను. అది రాయిని వదిలేసి తానే చీలిపోయింది. తుప్పలు పీకడానికి ఇనుప దువ్వెన చేశాను. తుప్పలు తుప్పల్లాగే ఉన్నాయి, దువ్వెన పళ్లు రాలిపోయాయి. కాఫీ మొక్కలకు గోతులు తీసే పెద్ద బర్మా చేస్తే, భూమిలోకి దిగిందే గాని పైకి రానంది. దాన్ని తవ్వి తీయడానికి మళ్లీ పాత బకెట్టే దిక్కయింది. ఈ సామానంతా షెడ్డు వెనక కుప్ప పడితే, మా ఆవిడ దాని మీదికి చిక్కుడు పాదు పాకించింది. నాకు ఒళ్లు మండింది. కాయలు మాత్రం విరగ్గాశాయి.

“బండికి పళ్లెట్టావు, గోళ్లెట్టావు. బుర్రెప్పుడెడతావు?” అనేది మా ఆవిడ. బండికా, బండి ఓనరుకా అని అడిగే ధైర్యం నాకు లేదు.

ఒక వేసవిలో, కొండ మీది ఊరి నుంచి ఒక ముసలాయన, ఆయన అక్క నా షెడ్డుకి వచ్చారు. ఆయన ఆ ఊరి దిశారి, అంటే ముహూర్తాలు పెట్టి దేవతకు పూజ చేసే పెద్ద. కిందటేడు వానలకు కొండచరియ జారి వాళ్ల దేవత రాయి కింద పారే గెడ్డలో, ఆ కొండవాగులో, పడిపోయిందట. ఊరంతా కలిసి తాళ్లు కట్టి లాగినా కదల్లేదట. వానాకాలం ముందు ప్రతి ఇంటి విత్తనాలూ ఆ దేవత ముందు పోసి, కలిపి, మళ్లీ పంచుకుంటారు. ఆ పండగ కాకుండా ఎవరూ ఒక్క గింజ నాటరు.

“వానొచ్చీలోగా అమ్మ నిలబడకపోతే ఇత్తనం ఎయ్యం,” అంది అక్క. “ఎయ్యకపోతే ఏడాదంతా ఏటి తింటాం? నువ్వెడతావేటి?”

“బండి తెచ్చి లాగీస్తాను, అదేవంత పని,” అన్నాను.

“ఇనుం తగల్కూడదు,” అన్నాడు దిశారి.

“పెద్దాయనా, నా బండంతా ఇనుమే.”

“బండి ఇనుమైతే మాకేటి? అమ్మని ముట్టుకునేది ఇనుం కాకూడదు.”

మరొకడైతే దండం పెట్టి పంపించేసేవాడు. నాకు మాత్రం పండగొచ్చినట్టయింది. ఏ కంపెనీ వాడూ ఇంతవరకు చెయ్యని సామాను చెయ్యమని ఒక మనిషి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు మరి.

మద్ది దుంగలు చెక్కి నాలుగు వేళ్లు, వాటికి ఎదురుగా ఒక బొటనవేలు చేశాను. బకెట్టును ముడిచే సిలిండరే ఆ నాలుగు వేళ్లనూ ముడుస్తుంది. బోల్టులు బిగించి, మీసం మెలేసి, దిశారిని పిలిచాను. ఆయన వేలితో ఒక్కో వేలూ తడిమాడు.

“ఇదేటి?”

“బోల్టు. లోపలుంటాది, అమ్మకి తగల్దు.”

“ఆవిడికి తెలీదా?”

తిట్టుకుంటూ బోల్టులన్నీ ఊడదీశాను. చెక్క మేకులు కొట్టి, అడ్డతీగ నారతో కట్లు కట్టాను. బండికి తగిలించే చోట మాత్రం ఇనుప పిన్ను ఉండొచ్చని చాలా బేరమాడాక ఒప్పుకున్నాడు. మణికట్టు దాకా ఇనుము, అరచెయ్యి చెక్క. చూడబోతే బండికి చెయ్యి విరిగి కట్టు కట్టినట్టుంది. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

గెడ్డ దగ్గరికి వెళ్లేసరికి కొండ మీద మబ్బు నల్లగా దిగి ఉంది. ఊరంతా గట్టు మీద నిలబడింది. ఆ మబ్బు కురిస్తే గట్టు జారుతుంది, బండి దిగదు, ఆ ఏడాది సాగు లేనట్టే. బండిని గెడ్డలోకి దించి, వేళ్లు చాపి రాయిని పైనుంచి గట్టిగా పట్టాను. కాస్త లేచింది. ఫట్‌మని ఒక వేలు విరిగింది, రాయి మళ్లీ నీళ్లలో పడింది. దేవత ఎదురుగానే నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాను. దేవతను కాదు, నన్నే.

దిశారి అక్క గెడ్డలోకి దిగి బండి దగ్గరికి వచ్చింది. “కోడిని పట్టినట్టు పడతన్నావు. పసిగుంటని ఎత్తినట్టు కిందనుంచి ఎత్తు.”

పాతికేళ్లుగా బండి నడుపుతున్న నాకా చెప్పేది అని తిక్క రేగింది. ఆ తిక్కతోనే చెక్క చేతిని వెల్లకిలా తిప్పి, రాయి కిందికి మెల్లగా తోశాను. మిగిలిన మూడు వేళ్లూ మూలిగాయి. నారకట్లు బిగుసుకున్నాయి. రాయి అరచేతిలోకి ఒరిగి, కదలకుండా కూర్చుంది. ఊపిరి బిగబట్టుకుని గట్టెక్కించి, పాత చోటే నిలబెట్టాను. అద్దం మీద చినుకులు అప్పుడు మొదలయ్యాయి.

స్పానరు తీసుకుని పిన్ను ఊడదీయబోయాను. “ఆ సెయ్యి ఇక్కడే ఉంటాది,” అన్నాడు దిశారి. “అమ్మని మోసింది. రేపు దాంతో పెంట ఎత్తుతావేటి?”

ఎంత వాదించానో. బతుకులో నేను చేసినవాటిలో సరిగ్గా పనిచేసింది అదొక్కటే. ఆయన విన్నాడు, తలూపాడు, చెయ్యి మాత్రం ఇవ్వలేదు.

మరుసటి ఏడు విత్తనాల పండక్కి నన్నూ మా ఆవిడనూ పిలిచారు. రాయి పక్కన నా చెక్క చెయ్యి పసుపు పూసుకుని, వెల్లకిలా, ఆకాశం వైపు చూస్తూ ఉంది. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి తమ ఇంటి విత్తనాలు, చోళ్లూ సామలూ, అందులో పోస్తున్నారు. విరిగిన వేలికి ఎవరో కొత్త నార కట్టారు. కట్టు వదులుగా ఉందనిపించి ముందుకెళ్లబోతే, దిశారి అక్క నా మణికట్టు మీద ఒక్కటిచ్చింది. “జేబులో స్పానరుంది. దూరంగా నిలబడు.”

నిలబడ్డాను. అప్పుడు మా ఆవిడ వరసలో ముందుకు నడిచింది. మాకు సెంటు పొలం లేదు, ఈమె ఏం పోస్తుందా అనుకున్నాను. కొంగు ముడి విప్పి, నా పనికిమాలిన ఇనుము మీద కాసిన చిక్కుడు గింజలు గుప్పెడు ఆ అరచేతిలో పోసింది. తర్వాత ఆమె రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకుంది. ఆమె నిలబడింది మాత్రం రాయి వైపు తిరిగి కాదు, నా చెక్క చెయ్యి వైపు.