రాహేలమ్మ పట్టిన నీళ్లు

మొలకెత్తిన పెసలను రుబ్బితే ఒక పచ్చి వాసన వస్తుంది. ఇవాళ పొద్దున వంటింట్లో మిక్సీ తిరుగుతుంటే ఆ వాసన ముందు గదిలోకి వచ్చింది. పేపరు పక్కన పెట్టి బయటికి వెళ్లి నిలబడ్డాను. నాకు పెసరట్టు నచ్చదని మా ఆవిడ ఏళ్ల తరబడి అనుకుంది. అసలు కారణం ఆమెకు పోయిన నెలే చెప్పాను. తొమ్మిదేళ్ల కింద, నల్లగొండలోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ ల్యాబులో, ఇదే వాసన మధ్య నిలబడి, చెప్పవలసిన మాట చెప్పకుండా మింగేశాను. నేను చేసిన తప్పు మరొకరి మీద పడుతుంటే చూస్తూ ఊరుకున్నాను. ఆ మనిషి ఉద్యోగం పోయింది. అంతకంటే ఎక్కువగా, పేరు పోయింది. ఆమె రాహేలమ్మ. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. ఆమె గురించి ఎవరైనా ఏదైనా విని ఉంటే అది అబద్ధం. అందుకే రాస్తున్నాను.

తెలంగాణ వచ్చిన రెండో ఏడాది ఆ కాలేజీలో బయోకెమిస్ట్రీ లెక్చరర్‌గా చేరాను. అప్పటికి నాకు ముప్పై ఎనిమిదేళ్లు. అంతకుముందు జూనియర్ కాలేజీల్లో జువాలజీ పాఠాలు చెప్పి గొంతు అరగదీసుకున్నవాణ్ని. నా దగ్గర బయోకెమిస్ట్రీ ఎమ్మెస్సీ పట్టా ఉంది, కానీ నేను చదివిన చోట ప్రాక్టికల్స్ అంటే సీనియర్ల రికార్డు చూసి కొత్త రికార్డులో దించుకోవడమే. బొమ్మలు గీశాను, రంగులు కూడా వేశాను. నిజమైన పిపెట్‌ను, ద్రవాన్ని కొలిచే ఆ సన్నటి గాజుగొట్టాన్ని, చేత్తో పట్టుకున్నది మాత్రం ఉద్యోగంలో చేరిన తొలిరోజే. పైకి లాగిన నీళ్లు గీత దగ్గర ఆగకుండా నా మోచేతి మీదుగా కారాయి. ల్యాబులో ఇంకెవరూ లేరనుకున్నాను. మూల సింకు దగ్గర గాజుసామాను కడుగుతూ రాహేలమ్మ ఉంది.

ఆమెది పానగల్లు. చదివింది ఏడో తరగతి. జీతాల రిజిస్టరులో ఆమె పేరు ఎదురుగా 'అటెండరు' అని ఉండేది. పదిహేనేళ్లుగా ఆ ల్యాబును నడిపిస్తున్నది మాత్రం ఆమే. ఏ సీసాలో ఏముందో, ఏది ఎండకు పాడవుతుందో, ఏది చేతికి తగిలితే కాలుతుందో ఆమెకు కంఠతా వచ్చు. నా తడిసిన చొక్కా వైపు చూసి నవ్వలేదు. చేతులు తుడుచుకుంటూ వచ్చి, "సార్, రేపు జర తొమ్మిదింటికే రాన్రి. పిలగాండ్లు పదింటికి గద ఒచ్చేది" అంది.

నాలుగు నెలలు అట్లా తొమ్మిదింటికి వెళ్లాను. ఆ గంటలో ఆమె నాకు నేర్పింది నా ఎమ్మెస్సీ కంటే పెద్ద చదువు. "బొటనేలు గాదు సార్, చూపుడేలు పెట్టున్రి. నీళ్లు గుంతలెక్క ఒంగుతయ్, ఆ గుంత అడుగు గీతకు తాకాలె. మీరు ఒంగి చూడున్రి, గీత మీ కాడికి రాదు." ఒకరోజు ఎవరో విద్యార్థి ముందుగా వచ్చేశాడు. ఆమె చటుక్కున గుడ్డ తీసుకుని బల్ల తుడుస్తూ, "సార్, మీరు చెప్పినట్టే అన్ని సదిరిన" అంది. వాడు వెళ్లాక నావైపు చూసి, "లెక్చరర్ లెక్క నిలవడున్రి సార్, దొరికిన దొంగ లెక్క నిలవడితే ఎట్ల" అంది. ఆ రహస్యాన్ని ఆమె ఎప్పుడూ ఎవరి దగ్గరా విప్పలేదు.

అరటిపండు నుంచి డీఎన్ఏ తీసే ప్రయోగం నేను మొదటిసారి చేయించిన రోజు కూడా ముందుగానే స్పిరిటును ఫ్రిజ్‌లో పెట్టి ఉంచింది ఆమే. చల్లటి స్పిరిటు పోయగానే గొట్టంలో తెల్లటి పోగులు పైకి తేలాయి. మౌనిక అనే అమ్మాయి గొట్టాన్ని వెలుతురుకు పెట్టి, "గిదేనా సార్ డీఎన్ఏ? సేమ్యా లెక్కుంది" అంది. "సేమ్యా గాదు బిడ్డా, పాయసం చేసేవు" అంది రాహేలమ్మ. క్లాసంతా నవ్వింది. మౌనిక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ పిల్ల ఎప్పుడూ అట్లాగే నవ్వేది. మునుగోడు వైపు ఊరు వాళ్లది. ఫ్లోరైడు నీళ్లు తాగి పళ్ల మీద గోధుమరంగు మరకలు. మూడో ఏడాది ప్రాజెక్టుకు ఏం చేస్తావని అడిగితే, "మా తాత నడుము ఒంగింది నీళ్లతోనే సార్. ఆ నీళ్లు లోపట ఏం జేస్తయో చూస్త" అంది.

మేం ముగ్గురం కూర్చుని ప్రయోగం తయారుచేశాం. మొలకెత్తిన పెసల్లో ఒక ఎంజైము ఉంటుంది. రంగులేని ఒక రసాయనాన్ని దానికిస్తే విరగ్గొడుతుంది. చివర కాస్త క్షారం కలిపితే పసుపు రంగు వస్తుంది. ఫ్లోరైడు ఆ ఎంజైమును పనిచేయనివ్వదు కాబట్టి, ఊరి బోరు నీళ్లు కలిపిన గొట్టంలో రంగు వెలవెలబోతుంది. ఎంత వెలిసిందో తెలియాలంటే పక్కన డిస్టిల్డ్ వాటర్‌తో చేసిన గొట్టం ఒకటి ఉండాలి. అందులో పసుపు చిక్కగా రావాలి. ప్రయోగమంతా ఆ ఒక్క గొట్టం మీద, అందులోని నీళ్ల మీద ఆధారపడి ఉంది.

నీళ్లు రాహేలమ్మ సొంత విషయం. నీళ్లను మరిగించి ఆవిరిని చల్లబరిచే గాజు యంత్రం ముందు స్టూలేసుకుని కూర్చునేది. డబ్బా నిండడానికి పూటంతా పట్టేది. ప్రతి పొద్దునా ఆ నీళ్లు కొన్ని గొట్టంలో పోసి, సిల్వర్ నైట్రేటు ఒక చుక్క వేసేది. నీళ్లు తేటగా ఉంటేనే డబ్బా బల్ల మీదికి వచ్చేది. లోపల ఉప్పులుండి ఏ కొంచెం తెల్లబడినా మొత్తం పారబోసేది. ఒకసారి నేను విసుక్కుంటే, "నీళ్లు సాఫ్ లేకుంటే మీ ఎమ్మెస్సీ గూడ సాఫ్ గాదు సార్" అంది. పదిహేనేళ్లలో తన నీళ్లు ఒక్కసారి కూడా తప్పలేదని ఆమె గర్వం. ఆమెకున్న గర్వం అదొక్కటే.

యూనివర్సిటీ నుంచి తనిఖీ బృందం వచ్చే రోజున మౌనిక ప్రయోగం చేసి చూపించాలని ప్రిన్సిపాల్ నిర్ణయించాడు. దానికి ముందురోజు రాహేలమ్మ అత్తను దవాఖానకు తీసుకుపోవడానికి సెలవు పెట్టింది. వెళ్లేముందు నిండు డబ్బా చూపించి, "దీన్ని ముట్టకున్రి సార్, రేపటి పని దీంతోనే" అని చెప్పింది. నేను ముట్టుకున్నాను. తనిఖీవాళ్లకు మెరిసిపోతూ కనపడాలని గాజుసామానంతా ఒక్కణ్నే ఆ నీళ్లతోనే కడిగాను. మధ్యాహ్నానికి డబ్బా అడుగంటింది. యంత్రం వేద్దామంటే కరెంటు లేదు. ప్రిన్సిపాల్ గది బయట తాగేందుకు తెప్పించిన ఫిల్టర్ నీళ్ల క్యాన్ ఉంది. నల్లగొండలో ఆ క్యాన్ అంటే నమ్మకం. పిల్లల పళ్లు పాడవకూడదని, పెద్దల ఎముకలు వంగకూడదని కొనుక్కునే నీళ్లు అవి. మనిషి ప్రాణానికి మంచివైనవి ఒక ప్రయోగానికి పనికిరావా అనుకున్నాను. క్యాన్ మోసుకొచ్చి డబ్బా నింపి మూత పెట్టాను.

మర్నాడు రాహేలమ్మ దవాఖాన నుంచి నేరుగా వచ్చేసరికి తనిఖీవాళ్లు ల్యాబులోనే ఉన్నారు. చుక్క వేసి చూసే వ్యవధి లేదు. మౌనిక తడబడకుండా ప్రయోగం చేసింది. చివర క్షారం కలిపింది. ఆరు గొట్టాల్లోనూ ఒకే వెలిసిన పసుపు. వాళ్ల ఊరి నీళ్లకూ, డిస్టిల్డ్ వాటర్‌కూ తేడా లేదు. వచ్చినవాళ్లలో ఒకాయన నవ్వి, "ఏమ్మా, మీ ఊరి నీళ్లు ఇంత స్వచ్ఛమైతే మరి మీకు బాధేంటి?" అన్నాడు. మౌనిక చెయ్యి నోటి మీదికి వెళ్లింది. ఈసారి నవ్వడానికి కాదు.

వాళ్లు వెళ్లిపోయాక రాహేలమ్మ డబ్బాలోంచి కొన్ని నీళ్లు తీసి చుక్క వేసింది. పాలలా తెల్లబడ్డాయి. ఆ క్యాన్‌లో ఉన్నది చల్లబరిచిన బోరు నీళ్లేనని నాకు అప్పుడు అర్థమైంది. ప్రిన్సిపాల్ గుమ్మంలో నిలబడి, "దవాఖాన తొందరల నల్లా కింద పట్టిపెట్టినవా?" అని అడిగాడు.

"ఇయ్యి నేను పట్టిన నీళ్లు గావు సార్."

"మరెవలు పట్టిండ్రు? ఈడ నువ్వే గద ఉండేది. నా ముంగటనే అబద్ధమా?"

ఆమె ఒక్కసారి నావైపు చూసింది. నేను హాజరు రిజిస్టరు తెరిచి పేజీలు తిప్పుతున్నాను. ఆ పేజీల్లో ఏమీ లేదు. పిల్లలందరూ గోడవారగా నిలబడి ఉన్నారు. "రేపటిసంది రాకు" అన్నాడు ప్రిన్సిపాల్. ఆమె గొట్టాలన్నీ కడిగి, స్టాండులో బోర్లించి, వెళ్లిపోయింది.

నేను చేసిన పాపం అక్కడితో ఆగలేదు. రెండు వారాల తర్వాత నేనే యంత్రం దగ్గర కూర్చుని, ఆమె నేర్పినట్టే నీళ్లు పట్టి, చుక్క వేసి చూసి, మౌనిక చేత మళ్లీ ప్రయోగం చేయించాను. డిస్టిల్డ్ వాటర్ గొట్టంలో చిక్కటి పసుపు. ప్రాజెక్టుకు మంచి మార్కులు వచ్చాయి. "చూసిన్రా, ఆమె పోయినంక అంత సాఫైంది" అన్నాడు ప్రిన్సిపాల్ నా భుజం తట్టి. నేను తల ఊపాను. తర్వాతి ఏళ్లలో ప్రాక్టికల్స్ బాగా చేయిస్తాడని నాకు పేరొచ్చింది, డిపార్ట్‌మెంటు హెడ్డునయ్యాను. పిల్లల చూపుడువేలు సరిచేసిన ప్రతిసారీ నా నోట్లోంచి ఆమె మాటలే వచ్చేవి. ఎవరి మాటలో చెప్పలేదు. కాస్త స్థిరపడ్డాక చెబుదామనుకున్నాను. స్థిరపడ్డాక, ఇప్పుడు చెబితే ఎవరికి లాభం అనుకున్నాను.

పోయిన నెల ఒక ప్రయోగం చెడిపోయింది. రెండో ఏడాది అమ్మాయి ఒకతి గొట్టం ఊపి చూసి, "రాహేలమ్మ నీళ్లు గావచ్చు సార్" అంది. అందరూ నవ్వారు. రాహేలమ్మ ఎవరని అడిగాను. "ఏమో సార్. ఖరాబు నీళ్లను గట్లనే అంటం. సీనియర్లు గట్లనే అన్నరు." ఆ పిల్లకు ఆమె ఎవరో తెలియదు. నీళ్లను అంతగా కాచుకున్న మనిషి పేరు చెడ్డ నీళ్లకు పేరైపోయింది. ఆ పేరు పెట్టింది పిల్లలు కాదు, నేను. జరిగింది చెప్పేయాలని ఆ పూటే నిశ్చయించుకున్నాను.

ముందు మౌనికకు ఫోన్ చేసి అంతా చెప్పాను. "నాకు మార్కులొచ్చినయ్ సార్. ఆమెకేమొచ్చింది?" అని పెట్టేసింది. ఆ ఆదివారం పానగల్లు వెళ్లాను. రాహేలమ్మ అప్పుడే చర్చి నుంచి వచ్చి తెల్లచీర మార్చుకోకుండానే బియ్యం ఏరుతోంది. జుట్టు నెరిసింది. కుర్చీ వేసి కూర్చోమంది. చౌటుప్పల్ దగ్గర ఒక మందుల కంపెనీకి రోజూ బస్సులో పోతానని చెప్పింది. కాలేజీవాళ్లు అనుభవం కాగితం ఇవ్వకపోతే రెండేళ్లు ఆ కంపెనీ క్యాంటీన్లోనే గిన్నెలు తోమిందట. అక్కడి ల్యాబులో ఒకరోజు మనిషి తక్కువైతే పిలిచారట. ఇప్పుడు కొత్తగా చేరిన ఆడపిల్లలకు గాజుసామాను పని నేర్పుతోంది. "కాయితం చూసి తీస్కోలే సార్, నా చేతి పని చూసి తీస్కున్నరు" అంది.

నేను చెప్పడం మొదలుపెట్టేసరికి చేట పక్కన పెట్టింది. "నాకెర్కనే సార్. క్యాన్ మూత సింకు కాడ పడుండె."

"మరి ఆరోజు ఎందుకు చెప్పలేదక్కా?"

"మీరే చెప్తరని చూసిన" అంది. చేట మళ్లీ దగ్గరికి లాక్కుని బియ్యం ఏరసాగింది. నేను కాళ్ల మీద పడబోతే గట్టిగా ఆపింది. "ఈ నాలుగ్గోడల నడుమ మొక్కితే ఏమైతది? పిలగాండ్ల ముంగట అన్నరు నన్ను. పిలగాండ్ల ముంగటనే చెప్పున్రి. నేనొస్త, వింట."

ప్రిన్సిపాల్‌కు జరిగింది రాసిచ్చాను. పాత ముచ్చట ఇప్పుడెందుకన్నాడు, కాలేజీ పేరు పోతుందన్నాడు, నా హెడ్డు పదవి గురించి కూడా గుర్తుచేశాడు. పదవి తీసేసినా సరే, కాగితం ఫైల్లో పెట్టమన్నాను. సంతకం చేసిన నకలు ఒకటి నా దగ్గర ఉంచుకున్నాను. శనివారం మొదటి, రెండో, మూడో ఏడాది పిల్లలందరినీ ల్యాబులోకి పిలిచాను. రాహేలమ్మ కంపెనీకి సెలవు పెట్టి వచ్చింది. ఎవరూ అడగకుండానే పిల్లలు స్టూలు ఇచ్చారు. ఆమె కూర్చోలేదు.

జరిగింది జరిగినట్టు చెప్పాను. డబ్బా ఎవరు ఖాళీ చేశారో, క్యాన్ ఎవరు మోసుకొచ్చారో, రిజిస్టరు వెనక ఎవరు దాక్కున్నారో అన్నీ చెప్పాను. వెనక వరుసలోంచి ఒక అబ్బాయి లేచాడు. "మరి అప్పుడే ఎందుకు చెప్పలే సార్?"

"భయపడ్డ" అన్నాను. "ఎమ్మెస్సీ చదివిన గాని నాకు పిపెట్ పట్టరాకుండె. రోజు మీకంటే గంట ముందు పిలిచి ఈమెనే నేర్పింది. నీళ్ల సంగతి ఒప్పుకుంటే నాకేమీ రాదన్న సంగతి గూడ బయటపడ్తదని భయపడ్డ. ఆమె నా గుట్టు దాచింది. నేను ఆమె పేరు ఖరాబు చేసిన."

ఆ అబ్బాయి కూర్చోలేదు. రాహేలమ్మ కొంగు భుజం మీద సరిచేసుకుని నా ముఖంలోకి సూటిగా చూస్తోంది. ఈసారి నేను చూపు తిప్పుకోలేదు. చేతులు జోడించి, చివరి వరుసకు కూడా వినపడేటట్టు చెప్పాను.

"రాహేలమ్మక్కా, తప్పు మీది గాదు, నాది. తొమ్మిదేండ్లు మీతోని మోయించిన. నన్ను క్షమించున్రి."