అందరూ చేసే పద్ధతి

అప్పటికి నాకు వేలిముద్రే సంతకం. అక్షరాలు ఈమధ్యే నేర్చుకున్నాను కాబట్టి ఇన్నాళ్లకు రాస్తున్నాను.

కొరాపుట్ నుంచి రాయగడ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్నావిడ కాలేజీలో రసాయనాల మీద పరిశోధన చేసే మనిషి. ఘాటీ కొండదారిలో సిగ్నల్ లేకపోయినా మాటిమాటికీ ఫోన్ చూస్తోంది.

"ఏటమ్మా, ఎవురికైనా బాగోలేదా?" అన్నాను.

"అది కాదమ్మా. రేపు నా ఉద్యోగం పొడిగించడానికి ఇంటర్వ్యూ. నా పరిశోధన గురించి ఎంతమంది తమ రాతల్లో నా పేరు పెట్టి చెప్పారో లెక్క చూస్తారు. తక్కువైతే ఉద్యోగం ఉండదు."

"నువ్వు సేసింది ఎవురికీ పనికిరాలేదేటి?"

ఆవిడ నవ్వబోయి ఆగిపోయింది. "అందరూ చేస్తున్నారు. ఘాటు రసాయనాలు లేకుండా, నీళ్లలోనే మందు తయారుచేసే పద్ధతి. ఇప్పుడది మామూలైపోయింది. మామూలు పనికి ఎవరి పేరు రాస్తారు?"

రాయగడలో ఆవిడ ఫోన్ చూసుకుంటూనే దిగిపోయింది. ఉద్యోగం నిలిచిందో లేదో తెలియదు.

మర్నాడు పొద్దున్న ఇంటి దగ్గర విత్తనం అల్లాన్ని పేడనీళ్లలో ముంచుతుంటే, పక్కింటి కొత్తకోడలు "ఇలాగెందుకత్తా?" అంది.

ఎప్పుడూ అయితే "అందరం ఇలాగే సేస్తాం" అనేదాన్ని.

"కుళ్లిపోకుండా అమ్మీ. లమ్తపుట్ ఊరి సుక్రి నేర్పింది నాకు" అన్నాను.

"సుక్రి ఎవురు?"

చేతులు కడుక్కుని, పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను.