గులాబీకి పిలకలు

మెట్‌పల్లి దగ్గర వరి పండించుకునే భోజన్నకు రియాద్‌లో తోటపని దొరికింది. వరి, పసుపు, మక్కజొన్న... ఏదైనా అడగండి, చెబుతాడు. గులాబీ సంగతి మాత్రం ఆయనకు ముక్క తెలియదు. ఆ ఇంటి పెద్దావిడ ఉమ్మ్ సాలెహ్‌కేమో ప్రాణమంతా ముంగిట్లోని ఎర్ర గులాబీ మీదే. పోయిన మొగుడు నాటిన చెట్టు మరి.

తొంభై ఒకటి జనవరిలో ఊరి మీద స్కడ్ క్షిపణులు పడటం మొదలయ్యాక ఆ కుటుంబం జెద్దాకు బయలుదేరింది. కారెక్కుతూ ఆవిడ భోజన్నకు ఒక్కటే చెప్పింది. తిరిగొచ్చాక ఈ చెట్టు పూస్తే చాలు, కొడుకుతో చెప్పి చుట్టీ మీద, అంటే సెలవు మీద, ఇంటికి పంపిస్తానంది. భోజన్న సంబరం అంతా ఇంతా కాదు. తాను ఇక్కడికి వచ్చాక పుట్టిన కూతుర్ని ఆయన ఇంతవరకు ఎత్తుకోలేదు.

సైరన్ మోగితే మెట్ల కిందికి దూరడం, ఆగితే చెట్టుకు నీళ్లు పెట్టడం. అలా రోజులు గడుస్తుంటే చెట్టు మొదట్లో కొత్త చిగుళ్లు లేచాయి. ఇంకేముంది, వరిరైతు మొహం వెలిగిపోయింది! పిలకలు వేస్తే పంట పండినట్టే కదా. పైనున్న ముదురు కొమ్మలు వాటి బలం లాగేస్తున్నాయని, అన్నిటినీ పిలకల దాకా నరికేశాడు. నరికిన ముళ్లకొమ్మల్ని పారేస్తాడా? రైతు కదా, పారేయడు. మూలన చల్లుకున్న పుంటికూర, అదే గోంగూర, మడిని పిల్లులు తవ్వకుండా చుట్టూ కంచెలా గుచ్చాడు.

యుద్ధం ముగిసి ఇంటివాళ్లు వచ్చారు. వీధిలో గులాబీలన్నీ పూశాయి. ఈ చెట్టు మనిషెత్తు పెరిగిందే గాని ఒక్క మొగ్గ వేయలేదు. చివరికి డ్రైవర్ కాలేషా వచ్చి చూశాడు. ఆయనది కోడూరు వైపు, మామిడి అంట్లు కట్టే ఊరు.

"ఎంత పని చేసినావప్పా భోజన్నా! అంటు కట్టినచోటికి కింద లేచింది అడివి మొలక. పూసేదాన్ని కొట్టేసి, పీకేయాల్సినదాన్ని పెంచినావు," అన్నాడు.

పోనీ, కువైట్‌లో తగలబడుతున్న చమురు బావుల పొగకు మాడిపోయిందని చెప్పేయమని సలహా కూడా ఇచ్చాడు. ఆవిడ ఎదుట నిలబడితే భోజన్నకు ఆ అబద్ధం నోట రాలేదు. తానే నరికానన్నాడు. ఆవిడ అరవలేదు. మొగుడు ఇప్పుడే పోయినట్టు కూర్చుని ఏడ్చింది. అది చూసి కొడుక్కి ఒళ్లు మండింది. చుట్టీ లేదు గిట్టీ లేదు, ఖురూజే అన్నాడు. అంటే ఇంటికి పోవడమే, మళ్లీ రావడమన్నది ఉండదు.

భోజన్న పెట్టె సర్దుకున్నాడు. పోయేముందు ఒకసారి కూర వండుకుందామని మడిలోకి వంగితే చేతికి ముల్లు గుచ్చుకుంది. తిట్టుకుంటూ ఆకులు తప్పించి చూశాడు. కంచెకు గుచ్చిన కొమ్మల్లో ఒకటి వేళ్లూని చిగిర్చింది. దాని కొసన ఎర్రటి పువ్వు.

"అమ్మా, నీ చెట్టు సావలే!" అని కేకేశాడు. ఆ కంగారులో అరబ్బీ ఒక్క ముక్క గుర్తు రాలేదు. అయినా ఆవిడ చెప్పుల్లేకుండానే పరుగెత్తుకొచ్చింది.

కొడుకుతో చెప్పి ఖురూజ్ మాన్పించి, ఆ వారమే చుట్టీ మీద ఇంటికి పంపింది. ఊళ్లో కూతురు ఈ కొత్త మనిషిని చూసి ముందు జడుసుకుని ఏడ్చింది. తర్వాత భుజమెక్కి దిగనంది.

భోజన్న తిరిగొచ్చేసరికి గులాబీ గుబురుగా ఎదిగింది. చుట్టూ పుంటికూర ముదిరి కట్టె తేలింది. మడి నిండా గడ్డి కూడా ఏపుగా ఉంది. ఆయనకు నవ్వాగలేదు. ఎవరూ ఏమీ పీకలేదేమని అడిగాడు.

"ఏది ఉంచాలో, ఏది పీకాలో నాకేం తెలుసు? నువ్వొచ్చేదాకా అన్నిటికీ నీళ్లు పోశాను," అంది ఉమ్మ్ సాలెహ్.