అప్పయమ్మ కట్టిన ఎర్రగుడ్డ

తార్‌బహార్ సందులో చంద్రమౌళి ఇంటి ముందు ఉండే పాత ట్రక్కుకి ఆయనంత వయసు లేదు గానీ, దగ్గు మాత్రం ఆయన కంటే ఎక్కువే. లోకో షెడ్‌లో ఫిట్టరుగా రిటైరయ్యాక ముచ్చటపడి కొన్నాడు. ఏటా కార్తీక వనభోజనాలకి ఆ హిందీ ఊళ్ళో స్థిరపడిన తెలుగువాళ్ళ గుండిగలన్నీ బెల్తరా తోటకి మోసేది ఈ బండే. ఆ ఒక్కరోజూ చంద్రమౌళి పెళ్ళికొడుకే.

తెల్లారితే వనభోజనాలనగా ఇంజన్ పక్కనుంచి నీళ్ళు ధారకట్టాయి. ఇంజన్ లోపలి నీళ్ళు బయటికి రాకుండా పక్క బెజ్జాలకి బిగించే ఇనుప మూతలుంటాయి. చిన్న గిన్నెల్లా గుంటగా ఉంటాయి, మెకానిక్కులు టిక్కీలంటారు. అవి తుప్పుపట్టిపోయాయి. కబురు తెలిసి తెలుగు సంఘం ప్రెసిడెంటు జగన్నాథం ఫోన్ చేశాడు.

"నీ వల్ల కాదంటే సెప్పు మౌళీ, కిరాయి బండి మాటాడేస్తాను."

ఆ మాట చంద్రమౌళికి పుండు మీద కారం చల్లినట్టయింది. "రైలింజన్లు బాగుచేసినోణ్ణి, దీనికి మెకానిక్కేటి?" అని స్టీరింగుకి ఎర్రగుడ్డ కట్టి పనిలోకి దిగాడు.

ఆ ఎర్రగుడ్డ సంగతి చెప్పాలి. ఇంజన్ కింద మనిషి దూరితే ఎర్రగుడ్డ కట్టాలి, కట్టినవాడే విప్పాలి, ఇంకొకడు ముట్టకూడదు. షెడ్‌లో ఇది ప్రాణాలు కాపాడే పద్ధతి. ఈయన దాన్ని ఇంటికి కూడా తెచ్చాడు. ఓ ఎండాకాలం కూలర్ బాగుచేసి, గుడ్డ విప్పడం మరిచిపోయి, రాజ్‌కిశోర్ నగర్‌లో చుట్టాల పెళ్ళికి వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. భార్య అప్పయమ్మ ఫోన్ చేసి విప్పుతానంటే "రూలు రూలే" అన్నాడు మహానుభావుడు. ఆయన తిరిగొచ్చేదాకా పాపం విసనకర్రే గతి అయింది.

పాత టిక్కీలు అంచున కొట్టగానే పక్కకి తిరిగి, పట్టకారుకి బుద్ధిగా వచ్చేశాయి. కొత్తవి దించడం దగ్గరే చిక్కొచ్చింది. సుత్తితో నేరుగా కొడితే సొట్ట పడుతుంది, వంకరగా దిగితే కారుతుంది. గుంటలో సరిగ్గా కూర్చునే మొద్దు ఏదైనా పెట్టి దాని మీద కొట్టాలి. చంద్రమౌళి కళ్ళు ఇల్లంతా తిరిగి, వంటింట్లో మేకుకి వేలాడే పప్పుగుత్తి మీద ఆగాయి. అప్పయమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. ఆవిడేమో పెరట్లో బట్టలారేస్తోంది. ఇంకేం కావాలి? పిల్లిలా వెళ్ళి పట్టుకొచ్చాడు. కొలిచి చేయించినట్టు కూర్చుంది. రెండు దెబ్బలకి టిక్కీ దిగింది. ఈల వేసుకుంటూ మిగతావీ దించాడు.

ఇంకొక్కటే మిగిలిందనగా అప్పయమ్మ వచ్చి నిలబడింది.

"ఏటండీ అది?"

"ఏటీ లేదే, పనిముట్టు."

"నా పప్పుగుత్తికి మసి పూసి పనిముట్టంతన్నారా?"

అరవలేదు, తిట్టలేదు. పప్పుగుత్తి లాక్కుని లోపలికి వెళ్ళిపోయింది. అందుకే ఆయనకి భయమేసింది. వెనకాలే వెళ్ళి చూస్తే, వంటింటి గుమ్మానికి అడ్డంగా ఆయనదే ఇంకో ఎర్రగుడ్డ కట్టి ఉంది.

"ఇప్పవే అప్పయమ్మా!"

"కట్టినోలే ఇప్పాల. రూలు రూలే," అంది లోపల్నుంచి.

పోపు వాసన గుప్పుమంటోంది. అన్నమూ లోపలే, పనిముట్టూ లోపలే. గుడ్డ కిందనుంచి వంగి దూరడం ఎంత పని? చంద్రమౌళి గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాడు. సర్వీసంతా దాటని గుడ్డని ఇప్పుడు దాటడానికి కాలు రాలేదు. ఆ ఒక్క టిక్కీ పడకపోతే రేపు గుండిగలు కిరాయి బండెక్కుతాయి.

"తప్పయిపోనాదే. ఏటి కావాల సెప్పు."

"ముందు సీటు."

ఏటా ముందు సీట్లో జగన్నాథం దర్జాగా కూర్చుంటాడు. అప్పయమ్మ వెనకాల పెరుగు గుండిగ ఒలక్కుండా పట్టుకుని, దుమ్ము తింటూ వస్తుంది. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఆయనకి ఒక్కసారీ తట్టలేదు. తట్టేసరికి సిగ్గేసింది.

"అచ్ఛా, నీదే సీటు."

గుడ్డ వీడింది, పప్పుగుత్తి బయటికొచ్చి ఆఖరి టిక్కీ దిగింది. పప్పుకి కొత్త గుత్తి కొనిపెట్టాలన్న షరతు అన్నం తింటుండగా వచ్చింది.

పొద్దున్న బండిలోంచి చుక్క నీరు కారలేదు. జగన్నాథం అలవాటుగా ముందు తలుపు మీద చెయ్యి వేయబోయి ఆగాడు. పిడికి ఎర్రగుడ్డ కట్టి ఉంది. ఆయనా ఆ షెడ్‌లో రిటైరైనవాడే.

"ఎవలు కట్టేరిది?"

"నానే, అన్నయ్యగారూ," అంది అప్పయమ్మ చీర సర్దుకుంటూ.

జగన్నాథం చంద్రమౌళి వంక చూశాడు. చంద్రమౌళి ఆకాశం వంక చూశాడు. ప్రెసిడెంటుగారు వెనకెక్కి పెరుగు గుండిగని కౌగిలించుకున్నారు.

అప్పయమ్మ గుడ్డ విప్పి, ఎక్కి కూర్చుంది. బెల్తరాలో దిగగానే మళ్ళీ కట్టడం మరిచిపోలేదు.